సాల్స్‌బరీ ప్లెయిన్ మీద సైకిల్ రైడ్ ప్లాన్ చేయాలంటే: ఓఎస్ మ్యాప్, ఫైరింగ్ నోటీసు, రెండిటి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, సాల్స్‌బరీ ప్లెయిన్ మీద మిలిటరీ ట్రైనింగ్ ల్యాండ్‌లో సైకిల్ తొక్కాలనుకునే వాళ్ళు డబ్బులు పెట్టి కొనాల్సింది ఒక్కటే, ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్, బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ ఎక్స్‌ప్లోరర్, ముందుగా 130 నంబరుది, అదీ పేపర్ మ్యాప్. దాంతోపాటు పైసా ఖర్చు లేకుండా చదవాల్సింది ఇంకోటి ఉంది, బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ గవ్ డాట్ యూకేలో పెట్టే ఫైరింగ్ టైమ్స్ నోటీసు, అంటే సైన్యం ఎప్పుడు కాల్పులు జరుపుతుందో చెప్పేది. మ్యాప్ మీకు ఎక్కడ తొక్కే హక్కుందో చెప్తుంది, నోటీసు ఏ రోజు ఏ టైమ్‌లో ఆ పక్కకి పోకూడదో చెప్తుంది. ఒకటి చూసి రెండోది వదిలేస్తే ప్లాన్ చేసినట్టే కాదు. నేను ఈ రెండిటి గురించే రాస్తున్నా, మధ్యలో ఓఎస్ యాప్ గురించి కూడా కొంచెం, ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఉండే మన తెలుగువాళ్ళలో గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల మీద తొక్కే సైకిల్) కొన్నవాళ్ళు బాగా పెరిగారు, వాళ్ళలో చాలామంది ఫోన్‌లో గీసిన గీతని నమ్ముకుని బయల్దేరిపోతున్నారు, ఈ ఒక్క చోట మాత్రం అది పనికిరాదు.

అసలు ఆ చోటు ఎలాంటిదో తెలీని వాళ్ళకి రెండు ముక్కల్లో. విల్ట్‌షైర్‌లో సుమారు 38,000 హెక్టార్ల మిలిటరీ ట్రైనింగ్ ఏరియా అది, బ్రిటన్‌లో అన్నిటికంటే పెద్దది, 1897 నుంచి కొంచెం కొంచెంగా సైన్యం కొనుక్కుంటూ వచ్చింది. లార్క్‌హిల్‌లో ఫిరంగి దళం స్కూల్ ఉంది, నిజమైన గుండ్లు పేలుస్తారు, ట్యాంకులు తిరుగుతాయి. అంత చోటుని ఇళ్ళకీ వ్యవసాయానికీ ఇవ్వకుండా సైన్యం పట్టుకుని ఉండిపోవడం వల్ల ఒక మంచి జరిగింది, వాయవ్య యూరప్‌లో మిగిలిన సుద్దనేల గడ్డిమైదానాల్లో ఇదే పెద్దది. ఎక్కడ చూసినా గడ్డి, ఆకాశం, నాలుగైదు వేల ఏళ్ళ నాటి సమాధి దిబ్బలు, కార్లు లేవు. దక్షిణ ఇంగ్లండ్‌లో సైకిల్ మీద ఇంత ఖాళీ నాకు ఇంకెక్కడా దొరకలేదు. అందుకే దీన్ని సరిగ్గా ప్లాన్ చేసుకుని వెళ్ళాలి అని ఇంత గట్టిగా చెప్తున్నా.

సరే, మ్యాప్. ఎక్స్‌ప్లోరర్ అంటే 1:25,000 స్కేల్, నాలుగు సెంటీమీటర్లకి ఒక కిలోమీటర్. ఇందులో విలువంతా ఆకుపచ్చ గీతల్లో ఉంది. ఇంగ్లండ్‌లో పొలాల్లోంచీ కొండల మీంచీ పోయే ప్రతి దారికీ చట్టంలో ఒక హోదా ఉంటుంది, ఆ హోదా ఏంటో ఈ గీతల్ని బట్టి తెలుస్తుంది. చిన్న చిన్న గీతలు వరసగా ఉంటే ఫుట్‌పాత్, నడిచేవాళ్ళకి మాత్రమే, అక్కడ సైకిల్ తొక్కే హక్కు లేదు. పొడుగు గీతలైతే బ్రైడిల్‌వే, గుర్రాలకీ నడిచేవాళ్ళకీ, 1968 చట్టం తర్వాత సైకిల్ వాళ్ళకీ, కాకపోతే మనమే వాళ్ళకి దారివ్వాలి. గీతకి అటో చిన్న గీత ఇటో చిన్న గీత మార్చి మార్చి ఉంటే రిస్ట్రిక్టెడ్ బైవే, మోటార్ బండ్లు తప్ప అందరూ పోవచ్చు. వరసగా ప్లస్ గుర్తుల్లా ఉంటే అదే బైవే, అన్ని రకాల ట్రాఫిక్‌కీ తెరిచి ఉన్న దారి, సైకిల్, గుర్రం, జీపు, మోటార్ సైకిల్ అన్నీ. ప్లెయిన్ మీద మనకి కావల్సినవి ఎక్కువగా ఈ ప్లస్ గుర్తుల దారులే. ఇవి కాక ఆకుపచ్చ చుక్కలు కూడా కనిపిస్తాయి, అవి జనం పోవడానికి వీలున్న ఇతర దారులని అర్థం, కానీ హక్కు ఖచ్చితంగా ఏంటో చుక్కని చూసి చెప్పలేం, స్థానిక కౌన్సిల్ రికార్డులో చూసుకోవాలి.

అసలు గొడవంతా తెల్ల దారులతోనే. టిల్స్‌హెడ్ ఊరు చుట్టుపక్కల మ్యాప్‌ని ఒకసారి దగ్గరగా పెట్టుకుని చూడండి. రెండు నల్ల గీతల మధ్య తెల్లగా, నీట్‌గా, వెడల్పుగా, కిలోమీటర్ల కొద్దీ తిన్నగా పోయే ట్రాక్‌లు అల్లుకుపోయి ఉంటాయి. ఇవి మిలిటరీ బండ్ల కోసం వేసినవి. నేల మీద చూస్తే రాయి పరిచి రోలర్ తొక్కించిన రోడ్డు, గ్రావెల్ బైక్ ఉన్నవాడికి ఎవరికైనా మనసు లాగేస్తుంది. దాని పక్కనే ఉన్న నిజమైన బైవే మాత్రం గడ్డిలో రెండు చాళ్ళలా, అసలు ఎవరూ తొక్కనట్టు ఉంటుంది. కానీ ఆ తెల్ల దారి మీద ఆకుపచ్చ గుర్తు లేకపోతే అక్కడ మీకు హక్కు లేదు, అంతే. కంకర బాగుందా లేదా అన్నదానికీ హక్కుకీ ఏ సంబంధమూ లేదు. ఈ తేడా ఫోన్ స్క్రీన్ మీద చూపుడు వేలంత వెడల్పులో చూస్తే తెలీదు, టేబుల్ మీద మ్యాప్ పరిచి వేలితో గీత వెంట పోతే తెలుస్తుంది. ఏ కూడలిలో బైవే ఎడమకి తిరుగుతుందో, తెల్ల ట్రాక్ తిన్నగా డేంజర్ ఏరియాలోకి ఎక్కడ పోతుందో, ఆ కూడళ్ళన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. రైడ్‌లో తప్పేది ఆ కూడళ్ళ దగ్గరే.

డేంజర్ ఏరియా అని ఎర్ర అక్షరాలతో మ్యాప్ మీదే రాసి ఉంటుంది. ఆ ఎర్ర అక్షరాలు ఎంత మేర పరుచుకున్నాయో చూస్తే ప్లెయిన్ మొత్తం ఒకేలాంటిది కాదని అర్థమవుతుంది. ఏవన్ నది లోయకి తూర్పున, ఎవర్లీ, టిడ్‌వర్త్ వైపు చాలా భాగం గుండ్లు పేల్చని శిక్షణకి వాడతారు, బుల్‌ఫర్డ్ దగ్గర తుపాకీ రేంజ్‌లు (కాల్పులు ప్రాక్టీస్ చేసే చోట్లు) పక్కన పెడితే అటు బైవేలు మామూలుగా తెరిచే ఉంటాయి. మధ్యలో లార్క్‌హిల్, వెస్ట్‌డౌన్ భాగం ఫిరంగి గుండ్లు పడే చోటు. పడమట ఇంబర్ రేంజ్. ఈ రెండిటి లోపలికి పోయే దారులు ఫైరింగ్ లేనప్పుడు తప్ప మూసే ఉంటాయి, కొన్ని అసలు తెరవరు. ఈ మూడు ముక్కలూ మనసులో పెట్టుకుని రూట్ గీయడం మొదలుపెడితే సగం తలనొప్పి పోతుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళు తూర్పు ముక్కతో మొదలుపెట్టండి, నా సలహా అయితే అదే.

ఓఎస్ వాళ్ళదే ఇంకో రకం మ్యాప్ ల్యాండ్‌రేంజర్ 184 కొనొచ్చు కదా, 1:50,000, చాలా భాగం ఒకే షీట్‌లో వస్తుంది కదా అని అడుగుతారు. మొత్తం ప్లెయిన్ ఎలా పడుకుని ఉందో, ఏ ఊరు ఎటుందో, స్టేషన్ నుంచి ఎంత దూరమో చూడటానికి అది బావుంటుంది, నా దగ్గరా ఉంది. కానీ ఆ స్కేల్‌లో బైవే, దాని పక్క తెల్ల ట్రాక్ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు ఉంటాయి, పైగా అందులో కంచెలు ఉండవు. ఎక్స్‌ప్లోరర్‌లో ప్రతి కంచె, ప్రతి పొలం గట్టు ఉంటుంది, నేల మీద నిలబడి "బైవే ఈ కంచెకి ఇవతలా అవతలా" అని చూసుకోవడానికి అదే దిక్కు. కాబట్టి ల్యాండ్‌రేంజర్ ఇంట్లో, ఎక్స్‌ప్లోరర్ బ్యాగ్‌లో. ఇబ్బంది ఏంటంటే 130 ఒక్కటే సరిపోదు, వార్‌మిన్‌స్టర్, వెస్ట్‌బరీ వైపు పోతే 143 కావాలి, ప్యూజీ నుంచి మొదలుపెడితే 157. మూడు మ్యాపులు కొనడం ఖర్చే, ఒప్పుకుంటా. వాటర్‌ప్రూఫ్ యాక్టివ్ వెర్షన్ కూడా దొరుకుతుంది, బరువుంటుంది, మడత పెట్టడం కష్టం, సైకిల్ మీద జెర్సీ జేబులో పట్టదు. నేనైతే మామూలుది కొని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుంటా.

ఇప్పుడు యాప్. పేపర్ ఎక్స్‌ప్లోరర్ కొంటే లోపల ఒక కోడ్ వస్తుంది, దాంతో అదే మ్యాప్ ఫోన్‌లోకి దించుకోవచ్చు, అది మంచి ఏర్పాటు, చాలామంది ఆ కోడ్ గీకనే గీకరు. ఓఎస్ మ్యాప్స్ యాప్‌కి ఏడాది చందా కడితే బ్రిటన్ మొత్తం ఎక్స్‌ప్లోరర్, ల్యాండ్‌రేంజర్ రెండూ వస్తాయి, ఆఫ్‌లైన్‌కి దించుకోవచ్చు, రూట్ గీసి జీపీఎక్స్ ఫైల్‌గా తీసి సైకిల్ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు, కావల్సిన ముక్కని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసుకోవచ్చు. ప్రింట్ సంగతి చాలామందికి తెలీదు, మూడు మ్యాపుల ఖర్చు ఎక్కువ అనిపించిన వాళ్ళు ఈ చందా కట్టి రూట్ ముక్కలు ప్రింట్ తీసుకోండి, అది కూడా పూర్తిగా సరైన దారే. ప్లెయిన్ కోసం వాడేటప్పుడు రూట్‌ని చుక్క చుక్క పెట్టుకుంటూ చేత్తో గీయండి, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ ప్రతి ముక్కా మీరు చూసి గీసినట్టవుతుంది.

రూట్ దానంతటదే వేసే ఒక పాపులర్ సైక్లింగ్ యాప్‌లో ఇదే చోట పక్కపక్కన పెట్టి పోల్చి చూశా, పేరు రాయను. స్టార్ట్, ఎండ్ ఇస్తే అందంగా ఒక గీత వేసింది, కానీ అందులో ఒక ముక్క ఫుట్‌పాత్ మీద, ఇంకో ముక్క ఎర్ర అక్షరాల మధ్యలోంచి. ఇలాంటి యాప్‌లు చాలావరకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా మీద నడుస్తాయి, ఆ డేటా ఎవరైనా చేర్చొచ్చు, దారి నేల మీద ఉందా లేదా అన్నది అందులో బాగానే ఉంటుంది, హక్కు ఏంటి, ఈ రోజు తెరిచి ఉందా అన్నవి మాత్రం గీత వేసే ప్రోగ్రామ్‌కి పట్టవు. జనం ఎక్కువ తొక్కిన దారి చూపించే హీట్‌మ్యాప్ కూడా అంతే, అక్కడ తొక్కింది డ్యూటీలో ఉన్న సైనికులు కూడా అయ్యుండొచ్చు. ఐడియా కోసం చూడండి, పర్మిషన్ అనుకోకండి.

ఇంకో మాట. మ్యాప్ మీద గీత ఉంది కాబట్టి హక్కు ఉంది అని ఓఎస్ వాళ్ళు కూడా గ్యారంటీ ఇవ్వరు, మ్యాప్ మీదే ఆ మాట రాసి ఉంటుంది. చట్టానికి లెక్క కౌన్సిల్ దగ్గర ఉండే డెఫినిటివ్ మ్యాప్. విల్ట్‌షైర్ కౌన్సిల్ దారుల మ్యాప్‌ని ఆన్‌లైన్‌లో పెట్టింది, అందులో ప్రతి దారికీ పారిష్ (మన పంచాయతీ లాంటిది) పేరు, ఒక నంబరు ఉంటాయి. స్టోన్‌హెంజ్ పక్కనుంచి పోయే బైవేని ఏమ్స్‌బరీ 12 అంటారు, అలా. ఆ నంబర్లు మీ రూట్ నోట్స్‌లో రాసుకోండి, ఎక్కడైనా దారి మూసేసిన నోటీసు కనిపిస్తే అందులో ఉండేది ఆ నంబరే, ఫోన్ చేసి అడగాలన్నా ఆ నంబరు చెప్తే పని అవుతుంది. ఆ ఏమ్స్‌బరీ 12 ఏ303 హైవేని దాటుతుంది, అక్కడ బ్రిడ్జి లేదు, బండ్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి, దిగి నిలబడి ఓపిగ్గా దాటాలి, పిల్లలతో అయితే ఆ దాటింపు లేకుండానే రూట్ వేసుకోండి. నేల మీద గుర్తులు కూడా తెలుసుకుని వెళ్తే మంచిది, పసుపు బాణం ఫుట్‌పాత్, నీలం బ్రైడిల్‌వే, ఊదా రంగు రిస్ట్రిక్టెడ్ బైవే, ఎరుపు బైవే. బైవేకి బాణం ఎరుపే, డేంజర్ జెండా కూడా ఎరుపే, కంగారు పడకండి, ఒకటి గుంజ మీద చిన్న బాణం, ఇంకోటి స్తంభం మీద పెద్ద జెండా.

ఇక ఫైరింగ్ నోటీసు. ఇదే అసలు రెండో సగం. గవ్ డాట్ యూకేలో ఫైరింగ్ టైమ్స్ అని వెతికితే దేశంలో ఉన్న రేంజ్‌లన్నీ వస్తాయి, అందులో సాల్స్‌బరీ ప్లెయిన్ తీసుకోండి. నెలకి ఒకటి చొప్పున వస్తుంది. టైమ్‌లు 24 గంటల లెక్కలో ఉంటాయి. దాన్ని చదవడం మొదట్లో కొంచెం విసుగనిపిస్తుంది, ఎందుకంటే అది సైకిల్ వాళ్ళ కోసం రాసింది కాదు, మీ బైవే నంబరు ఇచ్చి ఇది తెరిచి ఉంది అని చెప్పేసే యాప్ లాంటిది కాదు. ఏరియాల పేర్లు ఉంటాయి, ఆ పేర్లని మీ ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ మీద మీరే వెతుక్కోవాలి. పేపర్ మ్యాప్ ఇక్కడ మళ్ళీ కలిసొస్తుంది, నోటీసు ఒక పక్క మ్యాప్ ఒక పక్క పెట్టుకుని, నా రూట్ ఈ ఏరియా అంచుని ఎక్కడ తాకుతోంది, ఏ టైమ్‌కి అక్కడ ఉంటాను అని రాసుకోండి. పగలు ఫైరింగ్ లేదని చూసి సంబరపడిపోవద్దు, రాత్రి ఫైరింగ్ ఉంటే సాయంత్రం ఆలస్యంగా దిగేవాళ్ళకి అది లెక్కే. ఆ నోటీసులో రేంజ్ కంట్రోల్ ఫోన్ నంబరు కూడా ఉంటుంది, డౌట్ ఉంటే అడగండి, అది అందుకే పెట్టారు.

నెల మొదట్లో చూసిన నోటీసు రైడ్ రోజుకి మారిపోవచ్చు. అందుకని మూడుసార్లు చూడాలంటాను, రోజు ఫిక్స్ చేసేటప్పుడు, ముందు రోజు రాత్రి, బయల్దేరే పొద్దున. ఇంత చూసినా చివరికి మాట చెల్లేది జెండాదే. రేంజ్ వాడుతున్నప్పుడు పగలు ఎర్ర జెండా, రాత్రి ఎర్ర దీపం పెడతారు. నోటీసులో ఏమున్నా, మీ దగ్గర ఎంత మంచి మ్యాప్ ఉన్నా, జెండా ఎగురుతుంటే లోపలికి పోకూడదు, గేటు తెరిచున్నా పోకూడదు. ముఖ్యమైన దారులు రేంజ్‌లోకి పోయే చోట వెడెట్ అని చిన్న కాపలా గది ఉంటుంది, రెడ్‌హార్న్ హిల్ మీద అలాంటిదే ఒకటి. సాల్స్‌బరీ, డివైజెస్ ఊళ్ళ మధ్య పాత రోడ్డు అక్కడినుంచి దక్షిణంగా మైదానం మధ్యలోకి పోతుంది, ఫైరింగ్ లేని రోజు తెరిచి ఉంటే అంత గొప్ప దారి ఇంకోటి లేదు, ఫైరింగ్ ఉంటే మాత్రం అక్కడే ఆగిపోవాలి. కాబట్టి ఆ దారి పెట్టుకున్న ఏ ప్లాన్‌కైనా రెండో రూట్ ఒకటి ముందే గీసి, అది కూడా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని వెళ్ళాలి. వెడెట్ దగ్గర నిలబడి ఫోన్‌లో కొత్త రూట్ వెతుక్కునే పరిస్థితి పెట్టుకోకండి, సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు.

దారి వదిలి పక్కకి పోవడం సంగతి విడిగా చెప్పాలి. పేలని మిలిటరీ సామాను ఉందని, ఏదీ ముట్టుకోవద్దని, పేలి చచ్చిపోతారని బోర్డులు ఉంటాయి. అవి బెదిరించడానికి పెట్టినవి కావు, 120 ఏళ్ళకి పైగా గుండ్లు పడిన నేల అది. ఫొటో కోసం దిబ్బ ఎక్కుదామని, గడ్డిలో మెరిసేది ఏంటో చూద్దామని సైకిల్ పక్కన పడేసి పోవద్దు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇంట్లోనే కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి తీసుకెళ్ళండి, అక్కడికి వెళ్ళాక అరిస్తే గాలికి వినపడదు.

ఇంబర్ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి అది కూడా. రేంజ్ మధ్యలో ఉన్న ఊరు, 1943 నవంబర్‌లో ఊళ్ళో వాళ్ళని పిలిచి 47 రోజుల్లో ఖాళీ చేయమన్నారు, అమెరికా సైన్యం ట్రైనింగ్ కోసం, క్రిస్మస్‌కి ముందే ఊరు ఖాళీ అయిపోయింది, మళ్ళీ వాళ్ళని తిరిగి రానివ్వలేదు. సెయింట్ జైల్స్ చర్చి మాత్రం నిలబడి ఉంది. ఏడాదిలో కొన్ని రోజులే ఆ రోడ్లు జనానికి తెరుస్తారు, సాధారణంగా ఈస్టర్, ఆగస్టు, క్రిస్మస్ చుట్టుపక్కల, ఆగస్టులో ఒక రోజు వార్‌మిన్‌స్టర్ నుంచి పాత లండన్ బస్సులు కూడా నడుపుతారు. తెరిచిన రోజు సైకిల్ మీద పోవచ్చు, తారు రోడ్డే, కానీ బస్సుల రోజు కాకుండా ఇంకో రోజు చూసుకోండి, ఆ సన్న రోడ్డు మీద వెనక డబుల్ డెక్కర్ పెట్టుకుని తొక్కడం బాగోదు. ఊరికి వెళ్ళే రోడ్డు తెరిచారంటే చుట్టూ ఉన్న గడ్డంతా తెరిచినట్టు కాదు, రోడ్డు వరకే.

ఇప్పుడు ఇవన్నీ కలిపి ఒక ప్లాన్ ఎలా వస్తుందో చూడండి. వెస్ట్‌బరీ, ప్యూజీ రెండు స్టేషన్లూ రెడింగ్ నుంచి వచ్చే ఒకే రైలు లైన్ మీద ఉన్నాయి. వెస్ట్‌బరీలో దిగి తెల్ల గుర్రం బొమ్మ ఉన్న కొండ ఎక్కితే, అక్కడినుంచి తూర్పుకి ఇంబర్ రేంజ్ ఉత్తరపు అంచు వెంబడి దారి పోతుంది, ఏ360 రోడ్డుని గోర్ క్రాస్ దగ్గర దాటి, లావింగ్టన్ ఊళ్ళ పైనుంచి రెడ్‌హార్న్ హిల్ దాకా, అక్కడ కిందకి దిగి పల్లెదారుల్లో ప్యూజీ స్టేషన్. మొత్తం 40 కిలోమీటర్ల చుట్టుపక్కల. ఎడమ చేతి వైపు లోయంతా కింద పరుచుకుని ఉంటుంది, కుడి చేతి వైపు జెండా స్తంభాలు, వాటి అవతల ఖాళీ. ఈ అంచు దారి డేంజర్ ఏరియాకి బయటే పోతుంది కాబట్టి లోపల ఫైరింగ్ జరుగుతున్నా దీన్ని తొక్కొచ్చు, అందుకే తూర్పు ముక్క అయ్యాక కొత్తవాళ్ళకి ఇది మంచి రూట్. ఇందులో గోర్ క్రాస్ దాకా ఉన్న ముక్క 30 మైళ్ళ ఇంబర్ రేంజ్ పెరిమీటర్ పాత్‌లో భాగం, కాకపోతే ఆ పాత్ అసలు నడిచేవాళ్ళ కోసం పెట్టింది, సైకిల్‌కి హక్కున్న ముక్కలేవో లేనివేవో ఎక్స్‌ప్లోరర్ మీద ముక్క ముక్కా చూసుకునే గీయాలి. వెస్ట్‌బరీ నుంచే ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వస్తుంది, ఆ అంచు మీద చెట్టూ పుట్టా ఏదీ అడ్డం ఉండదు, ప్యూజీ నుంచి పడమటికి వస్తే ఎదురుగాలితో ప్రాణం పోతుంది. మొదట్లోనే కొండ ఎక్కేస్తే తర్వాత వెనక గాలి తోస్తుంది. రైల్లో సైకిల్ పెట్టడానికి చోటు తక్కువ, ముందే రిజర్వ్ చేసుకోండి.

నేల గురించి రెండు మాటలు. సుద్దనేల ఎండాకాలం గట్టిగా తెల్లగా బావుంటుంది, వాన పడితే సబ్బు పూసినట్టు జారుతుంది, పైగా టైరుకి అంటుకుని ఫ్రేమ్ మధ్యలో ఇరుక్కుంటుంది. చెకుముకి రాళ్ళు ఎక్కువ, బ్లేడుల్లా ఉంటాయి, సన్న టైర్లకి పని కాదు, 40 మిల్లీమీటర్లు, ట్యూబ్‌లెస్, లోపల సీలెంట్ (పంక్చర్ పూడ్చే ద్రవం) ఉంటే నిశ్చింత. నీళ్ళు పైన ఎక్కడా దొరకవు, షాపు లేదు, కుళాయి లేదు, ఊరు దిగాల్సిందే, రెండు పెద్ద బాటిళ్ళు తప్పనిసరి. ట్యాంకులు దాటే చోట్లలో దూరంగా ఆగి వాటిని పోనివ్వండి, లోపలున్న డ్రైవర్‌కి మీరు కనపడతారనుకోవద్దు. ట్యాంకు చక్రాల గోతుల్లో నీళ్ళు నిలిస్తే అందులో ఫెయిరీ ష్రింప్ అనే చిన్న రొయ్య లాంటి ప్రాణి పెరుగుతుంది, బ్రిటన్‌లో చాలా అరుదు, ఇక్కడ ట్యాంకుల పుణ్యమా అని బతుకుతోంది. బస్టర్డ్ అనే పెద్ద పక్షి 1832 నాటికి బ్రిటన్‌లో లేకుండా పోతే 2004 నుంచి మళ్ళీ ఇక్కడే తెచ్చి వదిలారు. మధ్యలో కనిపిస్తే కదలకుండా నిలబడి చూడండి, వెంట పడొద్దు.

ఈ పద్ధతి ఇక్కడికే కాదు, డార్సెట్‌లో లల్‌వర్త్, నార్తంబర్‌లాండ్‌లో ఆటర్‌బర్న్, వేల్స్‌లో కాసిల్‌మార్టిన్, డార్ట్‌మూర్ రేంజ్‌లు, వీటన్నిటికీ అదే గవ్ డాట్ యూకే పేజీలో వేరే వేరే నోటీసులు ఉంటాయి, ఆ చోటుకి తగ్గ ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ ఉంటుంది. రూల్స్ మాత్రం ఒక్కో చోట ఒక్కోలా, లల్‌వర్త్ నడక దారులు చాలా వీకెండ్‌లలో తెరుస్తారని సైకిల్ వేసుకుని పోతే కుదరదు, అక్కడ హక్కు వేరు.

రేటింగ్ ఇవ్వాలంటే ఎక్స్‌ప్లోరర్ పేపర్ మ్యాప్‌కి 5కి 5, దీనికి బదులు ఇంకోటి లేదు. ఓఎస్ యాప్ చందాకి 4, ఏడాదిలో వేరే చోట్లకి కూడా పోయేవాళ్ళకి అయితే గిట్టుబాటు, ప్లెయిన్ ఒక్కదానికి అయితే మ్యాప్‌తో వచ్చే కోడ్ చాలు. ఫైరింగ్ నోటీసుకి 4, ఉచితంగా, ముందుగా, టైమ్‌లతో సహా ఇస్తున్నందుకు. ఏరియా పేర్లని మ్యాప్ మీదకి మనమే తెచ్చుకోవాలి కాబట్టి ఒకటి తగ్గించా. మ్యాప్ కొనేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుందని పాతది తీసుకోకండి, 2006కి ముందు ముద్రించిన వాటిలో రిస్ట్రిక్టెడ్ బైవే అన్న గుర్తే ఉండదు, పైగా ఆ ఫోన్ కోడ్ కూడా రాదు, కవర్ వెనక ఎడిషన్ తేదీ చూసి తీసుకోండి.